గర్భిణులకును బాలింతలకును ఉచిత దంతవైద్యము

గడచిన ఖరీఫునకు ముందు వేరుసెనగ విత్తనశుద్ధిని చూపుటకై మేమొక గ్రామమునకు పోయియుంటిమి. మన సంఘ సభ్యుడగు ఒక రైతు ఇంటి ముంగిట విత్తనములకు మందు పట్టించుచుండగా, ఆ యింటి కోడలు దవుడకు గుడ్డ కట్టుకొని నీళ్లు తెచ్చినది. ఆమెకు అయిదవ మాసము. నాలుగు దినములుగా గంజి తప్ప మరేమియు నోటబెట్టలేదట. పిప్పిపంటిలో లవంగము నదిమి, రాత్రులు నిద్ర లేక కూర్చుండుచున్నదట.

"వైద్యునికి చూపలేదా?" అని అడిగితిమి. "కడుపుతో ఉన్న పిల్లకు పన్ను ముట్టగూడదు గదా బాబూ! కాన్పు కానీయండి, తరువాత చూతము" అని అత్తగారు చెప్పినది. రైతు మమ్ము ప్రక్కకు బిలిచి, "పట్నములో చూపిస్తే చాలా ఖర్చవుతుందన్నారండీ. సంఘములో అప్పేమైనా పుట్టునా?" అని అడిగినాడు.

అప్పుతో పనిలేదని మేము చెప్పితిమి. మరునాడు ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని వారు ప్రభుత్వ ప్రాంతీయ వైద్యశాలకు పోయిరి. అచటి దంతవైద్యుడు చీము తీసి, గర్భిణికి తగిన మందిచ్చి, వాపు తగ్గిన పిమ్మట సూదిమందుతో మొద్దుబార్చి ఆ పంటిని తీసివేసెను. వారికైన వ్యయము బస్సు ఛార్జీలు మాత్రమే. నెలలు నిండిన పిదప ఆమె ఆడపిల్లను కనినది.

ఈ సంగతి చెప్పుకొనుటకు మాకు కొంత సిగ్గు గలదు. పదునెనిమిదేండ్ల క్రిందట మా యింటనే ఇట్టిది జరిగినది. మా భార్య తొలిచూలు సమయమున చిగుళ్ల నుండి రక్తము కారుచున్నదని చెప్పగా, "అది సహజమే" యని మేము ఊరకుంటిమి. బిడ్డ పుట్టిన తరువాత ఆమెకు తీరిక చిక్కలేదు. మాకు జ్ఞాపకము రాలేదు. ఆమె రెండు దంతములు పోగొట్టుకొన్నది. ఆకు పసుపుబారిన చేను గాంచి భూమిలో లోపమేమో చెప్పగల మేము, ఇంటిలోని మనిషి చెప్పినది వినిపించుకొనలేదు. మన సభ్యులలో మరి యెవ్వరును అట్లు చేయకుందురు గాక యని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

గర్భిణికి దంతబాధ యేల హెచ్చును?

గర్భము ధరించిన స్త్రీ శరీరమున హార్మోనులు అధికమగుటచే, పంటిపైని కొద్దిపాటి పాచికే చిగుళ్లు వాచి రక్తము కారును. వేవిళ్ల వాంతులతో వచ్చు పులుపు పంటి పైపొరను కరగించును. మాటిమాటికి ఏదో యొకటి నమలుటచే పుచ్చు పెరుగును. "ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క పన్ను పోవును" అని పెద్దలు చెప్పుట కలదు. కడుపులోని శిశువు తల్లి పండ్లలోని సున్నమును లాగుకొనదు. ఆహారమున చాలనిచో తల్లి యెముకల నుండి తీసికొనును. పన్ను పోవుట బిడ్డ వలన గాదు, పాచి వలనను ఉపేక్ష వలనను మాత్రమే.

చిగుళ్ల వ్యాధి గల తల్లులలో నెలలు నిండకుండ ప్రసవించువారు కొంత హెచ్చుగా నున్నట్లు పరిశోధకులు కనుగొనిరి. చిగుళ్లకు చికిత్స చేసినంతమాత్రమున ఆ ప్రమాదము తప్పునని మాత్రము రుజువు కాలేదు. అయినను తల్లి నొప్పి లేక నమలి తినుట, జ్వరము లేక నిద్రించుట బిడ్డకు మేలే గదా!

ఎప్పుడు చికిత్స చేయించుకొనవలయును?

నాలుగు మొదలు ఆరు మాసముల కాలము మిక్కిలి అనువైనది. అప్పటికి వేవిళ్లు తగ్గును; కుర్చీలో పరుండుటయు కష్టము గాదు. పుచ్చు పూడ్చుట, గార తీయుట, పన్ను తీయుట ఆ కాలమున నిర్భయముగ చేయించుకొనవచ్చును. నొప్పియు చీమును ఉన్నచో ఏ మాసమైనను ఆగరాదు. దవుడ వాచి జ్వరము వచ్చినను, నోరు తెరవలేకున్నను, మ్రింగుటకు గాని ఊపిరి పీల్చుటకు గాని కష్టమైనను, అది రాత్రియైనను వెంటనే పెద్ద వైద్యశాలకు పోవలయును.

మొద్దుబార్చుటకు దంతవైద్యులు వాడు లిడొకైను సూదిమందు గర్భిణులకు హాని చేయదు. అవసరమైనచో సీసపు కవచము కప్పి పంటికి ఎక్స్‌రే తీయుటయు ప్రమాదము గాదు. దుకాణమున అడిగి కొనిన నొప్పి బిళ్లలే ప్రమాదకరము. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి గర్భిణి తనంతట తాను మ్రింగరాదు. టెట్రాసైక్లిన్ వలన పుట్టబోవు బిడ్డ పండ్లకు మచ్చలు పడును. కావున ఎన్నవ మాసమో, ఏయే మందులు వాడుచున్నదో ముందుగనే వైద్యునితో చెప్పవలయును.

ఉచిత వైద్యమును పొందు మార్గము

ప్రభుత్వ వైద్యశాలలో ప్రసవము, మందులు, పరీక్షలు, భోజనము ఉచితముగ నుండవలెనని 2011 జూన్ నెలలో ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము నిర్ణయించినది. ఈ సంగతి మన గ్రామములలో అనేకులెరుగుదురు. పంటివైద్యమును గూర్చి ఎరిగినవారు అరుదు. 2014–15 నుండి జాతీయ దంతారోగ్య కార్యక్రమము క్రింద ప్రభుత్వ వైద్యశాలలలోని దంత విభాగములకు సహాయము లభించుచున్నది. అడిగినవారికి ఈ సేవ అందును. అడుగనివారిని పిలిచి యిచ్చువారు తక్కువ.

మొదట, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున గర్భిణి పేరు నమోదు చేయించి, తల్లీబిడ్డల కార్డు పొందవలయును. ప్రతి నెల 9వ తేదీన నాలుగవ మాసము మొదలుకొని గర్భిణులకు ఉచిత పరీక్ష చేయు ఏర్పాటు 2016 నుండి కలదు. ఆ దినమున వైద్యాధికారితో "నా పండ్లు కూడ చూడుడు" అని నోరు తెరచి అడుగవలయును.

రెండవది, ప్రాథమిక కేంద్రములలో సాధారణముగ దంతవైద్యుడుండడు. కావున ప్రాంతీయ వైద్యశాలకో జిల్లా వైద్యశాలకో చీటి వ్రాయించుకొనవలయును. దంతవైద్యుడు ఏ దినములలో వచ్చునో ఆశా కార్యకర్త ద్వారా ముందే తెలిసికొన్నచో, నిండు మనిషికి వృథా ప్రయాణము తప్పును. కష్టమైన చికిత్సలకు హైదరాబాదులోని అఫ్జల్‌గంజ్‌లోను, విజయవాడలోను, కడపలోను ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నవి.

మూడవది, ఉదయముననే పోయి, ఓ.పీ. చీటి తీసికొని, తల్లీబిడ్డల కార్డును, ఆధారు కార్డును చూపవలయును. పంటికి తొడుగులు, కట్టుడు పండ్లు మున్నగునవి అన్నిచోట్లను ఉచితముగ లభింపవు. ముందుగ అడిగి తెలిసికొనుట మేలు.

ప్రసవానంతరము

బిడ్డ చేతికి వచ్చినతోడనే తల్లి తన్ను మరచిపోవును. కాని బాలింతకును ఈ వైద్యము అవసరమే. ఇంగ్లండు దేశమున ఈ విషయమై యొక మంచి పద్ధతి కలదు. అచట 1948 జులై 5వ తేదీన ప్రభుత్వ వైద్యసేవ ఉచితముగ ఆరంభమైనది. 1951లో కట్టుడు పండ్లకును, 1952లో ఇతర దంతచికిత్సకును రుసుము విధించిరి. అయినను నేటికిని అచటి గర్భిణులు ప్రభుత్వ దంతచికిత్సకు రుసుము చెల్లింపనక్కరలేదు. బిడ్డ పుట్టిన పిదప 12 మాసముల వరకును ఆ హక్కు చెల్లును. వైద్యుడో మంత్రసానియో తెలియజేసినచో అందుకు పత్రము లభించును. మనకు అట్టి పత్రము లేకున్నను, ఆ యేడాది గడువును మన ఇండ్లలో మనమే నియమముగ పెట్టుకొనవచ్చును.

పాలిచ్చుచున్నామని చికిత్స మానుకొననక్కరలేదు. మొద్దుబార్చు సూదిమందు వేయించుకొన్న తరువాతను బిడ్డకు పాలు పట్టవచ్చును. తల్లినోటి పుచ్చుక్రిములు ఎంగిలి చెంచా వలనను, నమిలి పెట్టిన ముద్ద వలనను బిడ్డనోటికి చేరును; కావున తల్లి దంతములు బాగుచేయుట బిడ్డ దంతములను కాపాడుటయే. ఇంచుమించు ఆరవ మాసమున తొలిపన్ను వచ్చును. అప్పటి నుండి తడిగుడ్డతో తుడువవలయును. పంచదార కలిపిన పాలసీసాను నోటనుంచి నిద్రపుచ్చరాదు.

ఇంటిలో చేయదగినవి

ఉదయమును రాత్రియు మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడు గల పేస్టుతో పండ్లు తోముకొనవలయును. ఇటుకపొడియు బొగ్గుపొడియు పన్నును అరగదీయును. నస్యము పండ్లకు రుద్దుటయు, విశాఖ శ్రీకాకుళ ప్రాంతములలో కొందరు స్త్రీలు చుట్టను అడ్డపొగగా కాల్చుటయు తల్లికిని గర్భస్థ శిశువునకును కీడు చేయును. వాంతియైన వెంటనే పండ్లు తోమరాదు. నీటిలో చిటికెడు వంటసోడా కలిపి పుక్కిలించి, గంటసేపటికి తోముకొనవలయును.

సభ్యులారా! ఎరువుల కొరకు మీరు సంఘమునకు వచ్చు దినములలోనే గ్రామములోని గర్భిణులు నలుగురు కలిసి యొక్క ఆటోలో వైద్యశాలకు పోవచ్చును. ఒంటరిగ పోజంకువారు తోడుండిన పోవుదురు. మీ యింట గర్భిణి యున్నచో ఈ పూటనే "చిగుళ్ల నుండి రక్తము వచ్చుచున్నదా? ఏ పన్నైనను నొప్పించుచున్నదా?" యని అడుగుడు. అవునని చెప్పినచో కాన్పు కానిమ్మని దాటవేయక, దంతవైద్యుడు వచ్చు దినమేదో రేపే విచారింపుడు.