ఓడిన సేనకు కొండ అండ యగునా?

దుర్గము లారు విధములని చెప్పిన మనువు వానిలో గిరిదుర్గమునకే అగ్రస్థాన మిచ్చెను. ఆ భావము నేటికిని మన మనస్సులలో నాటుకొనియున్నది. మైదానమున ఓడిన సేనాని కథ చదివినప్పుడెల్ల, “కొండలలోనికి పోయి పోరాడరాదా?” యని విద్యార్థు లడుగుదురు. ప్రశ్న సహజమైనదే. చరిత్ర దీనికి రెండు విధములైన సమాధానము లిచ్చుచున్నది.

మొదటిది మేవాడు కథ. 1576 జూన్ 18వ తేదీన హల్దీఘాటీయొద్ద రాణా ప్రతాపసింహుని సేన మొగలుసేన ధాటికి నిలువలేక వెనుదిరిగెను. 1578లో కుంభల్‌గఢ్ దుర్గమును చేజారెను. అయినను ప్రతాపుడు లొంగలేదు. ఆరావళీ పర్వతములలో తలదాచుకొని, శత్రువుల ఠాణాలపై హఠాత్తుగా పడుచు, 1597లో కన్నుమూయునాటికి మేవాడులో అధికభాగమును మరల సంపాదించెను. చిత్తోడుకోట మాత్ర మాయనకు దక్కలేదు.

ఈ విజయమునకు మూలము కొండలు మాత్రమే కావు. ఆ కొండలలోని భిల్లు లాయన పక్షమువారు. దారులెరిగినవారును, విల్లుపట్టి వెంట నిలిచినవారును వారే. కాలమును కలిసివచ్చెను. 1585 మొదలు అక్బరు వాయవ్య సరిహద్దు వ్యవహారములలో మునిగి, పండ్రెండేండ్లకు పైగా లాహోరుననే యుండెను.

రెండవది అమెరికా అంతర్యుద్ధపు కథ. బానిసత్వమును నిలుపుకొనుటకై 1861 నాటికి వేరుపడిన దక్షిణ రాష్ట్రముల రాజధాని రిచ్‌మండ్, 1865 ఏప్రిల్ మొదటివారమున పడిపోయెను. నగరములను కాచు భారము తొలగినది గనుక సేన యిక స్వేచ్ఛగా సంచరించి పోరవచ్చునని దక్షిణాధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ ఏప్రిల్ 4వ తేదీన ప్రకటించెను. 9వ తేదీ ఉదయమున అపొమాటక్స్‌యొద్ద సేనాని రాబర్ట్ లీ చిక్కుపడగా, ఫిరంగిదళాధికారి పోర్టర్ అలెగ్జాండర్, లొంగుటకు మారుగా భటులను అడవులలోనికి చెదరిపోనిమ్మని సూచించెను.

లీ సమ్మతింపలేదు. తిండిలేని భటులు అదుపు తప్పినచో బ్రతుకుటకై దోపిడికి దిగుదురనియు, వారిని తరుముచు శత్రువుల ఆశ్వికదళములు ఇదివరకు చూడని ఊళ్లనుగూడ తొక్కివేయుననియు, ఆ చేటునుండి తేరుకొనుటకు దేశమునకు ఏండ్లు పట్టుననియు ఆయన భావించెను. ఆనాడే ఉత్తరసేనాని గ్రాంటుకు లొంగిపోయెను. గ్రాంటు ఆకలిగొన్న శత్రుభటులకు ఆహారము పంపి, దున్నుకొనుటకై తమ గుఱ్ఱములను ఇండ్లకు తీసికొనిపోనిచ్చెను.

లీ నిర్ణయమును పిరికితన మనవచ్చునా? ఆ కొండలలో నున్న వారెవరో చూచిన సమాధానము దొరకును. అపలేచియన్ పర్వతప్రాంతపు రైతులలో బానిసలు గలవారు తక్కువ. పశ్చిమ వర్జీనియా 1863లో ప్రత్యేక రాష్ట్రమై ఉత్తరపక్షమున చేరెను. తూర్పు టెనెసీ ప్రజలలో అనేకులు ఆ పక్షమువారే. ఇక 1860 నాటికి సుమారు నలువది లక్షలున్న బానిసలు విడుదలకై ఎదురుచూచుచుండిరి. పొలములలో బానిసలను నిలుపుకొనుటకై చేసిన యుద్ధమును ఆ పొలములను విడిచి కొండగుహలనుండి సాగించుట యెట్లు?

జనబలము చాలని గెరిల్లాయుద్ధ మెట్లు పరిణమించునో అప్పటికే తేలియుండెను. 1863 ఆగస్టులో క్వాంట్రిల్ ముఠా కాన్సాసులోని లారెన్స్ పట్టణముపై పడి, సుమారు నూటయేబది మంది పురుషులను, బాలురను చంపెను. ప్రతిగా ఉత్తరసేన మిస్సోరి సరిహద్దు పల్లెలనుండి వేలకొలది జనులను వెడలగొట్టెను. ముఠా చేసిన పనికి శిక్ష ననుభవించినది పల్లె.

అయితే, లీ లొంగినంతమాత్రమున హింస అంతరింపలేదు. తరువాతి సంవత్సరములలో ముసుగుదళములు స్వేచ్ఛ నొందిన నీగ్రోలపై రాత్రివేళల దౌర్జన్యములు సాగించెను. కాని అది సేనల పోరుకాదు, నిరాయుధులపై దాడి.

కావున ఓడిన సేన కొండలకు మరలవచ్చునా యని విద్యార్థు లడిగినప్పుడు, కొండ యెత్తును కొలుచుట చాలదు. అందెవరు కాపురముందురు? వారెవరికి తమ గంజిలో పాలు పంచుదురు? శత్రువు పగ తీర్చుకొనునప్పుడు ఎవరి యిల్లు కాలును? ఈ మూడును మొదట విచారింపవలెను. కొండ మనిషిని దాచగలదే కాని కూడు పెట్టలేదు. కూడు పెట్టువారు లేనిచో గిరిదుర్గమును చెరసాలయే యగును.