తప్పును పట్టిచ్చే తొమ్మిది

ఎవరింట్లో వాళ్లు ఫోను ముందు కూర్చునే ఆన్‌లైన్ క్లాసులో పద్దులు రాయడం ఎలా నేర్పాలి? చింతగింజలతో ఉత్తుత్తి కొట్టు పెట్టించడం మేలు.

డబ్బాలో 100 గింజలు, అవే రూపాయలు. 54 ఇచ్చి బియ్యం కొన్నారనుకోండి. కొనుగోళ్ల ఖాతాలో 54 డెబిట్, నగదు ఖాతాలో 54 క్రెడిట్. ఈ జంటపద్దు విధానాన్ని 1494లో వెనిస్‌లో అచ్చులో వివరించిన లూకా పాచియోలీ గణితవేత్త సుమా!

ఒకచోట 54కు బదులు 45 పడితే అంకణా కుదరదు, తేడా 9. ఎందుకంటే 5 పదుల స్థానం దిగితే 45 తగ్గింది, 4 పైకెక్కితే 36 పెరిగింది. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9తో భాగింపబడుతుంది.

మరి కొన్న సంగతే రాయడం మరిచిపోతే? అంకణా చక్కగా కుదురుతుంది! చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. డబ్బా గుమ్మరించి లెక్కపెట్టాల్సిందే: పుస్తకంలో 100, డబ్బాలో 46.