కల్చర్ షాక్
పరిచయం లేని దేశంలో అడుగుపెట్టిన వ్యక్తికి కలిగే కలవరపాటును కల్చర్ షాక్ అంటారు. ఈ మాటకు ప్రాచుర్యం కల్పించినవాడు మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబర్గ్. ఎవరిని ఎలా పలకరించాలి, బేరం ఎలా ఆడాలి వంటి, తెలియకుండానే పాటించే నిత్యజీవితపు గుర్తులు ఒక్కసారిగా పనికిరాకుండా పోవడమే దీనికి మూలమని ఈయన 1960లో ప్రచురించిన వ్యాసంలో వివరించాడు. ఇందులో మోజు, విముఖత, కోలుకోవడం, సర్దుబాటు అనే నాలుగు దశలను పేర్కొన్నాడు.

వీపుసంచితో, తక్కువ ఖర్చుతో తిరిగే యాత్రికులకు ఇది తొలిరోజే ఎదురుకావచ్చు. బృందయాత్రలో ఉండే గైడు, బస్సు వీరికి ఉండవు. పాశ్చాత్య యాత్రికులు చవక వసతి కోసం దిగే ప్రాంతాలలో న్యూఢిల్లీ రైల్వేస్టేషను సమీపాన గల పహాడ్‌గంజ్ ప్రసిద్ధమైనది. ఎడతెగని హారన్లు, "మీ హోటల్ మూసేశారు" అంటూ మరోచోటికి తీసుకుపోజూసే దళారులు, పరిచయమైన కాసేపటికే "పెళ్ళయిందా? జీతమెంత?" అనే ప్రశ్నలు అక్కడ వారిని తికమకపెడతాయి. తలను ఇరుపక్కలకు వంచి "సరే" అంటే, వారు దానిని నిరాకరణగా భావిస్తారు. వీటిలో మోసం ఒక్క దళారిదే. జీతం అడగడం కేవలం కుతూహలం. అయితే కొత్తవారు రెంటినీ ఒకే గాటన కట్టి, నిజంగా దారి చూపబోయినవారిని సైతం దూరం పెడుతుంటారు.

ఓబర్గ్ చెప్పిన దశలు విదేశాలలో నివాసముండే వారిని ఉద్దేశించినవి. రెండు వారాల యాత్రికుడు రెండవ దశలోనే తిరుగువిమానం ఎక్కవచ్చు. చాలాకాలం గడిపి వెళ్ళినవారికి స్వదేశమే కొత్తగా తోచడాన్ని రివర్స్ కల్చర్ షాక్ అంటారు.