రేడియం లేని రేడియం

మా వీధి చివర స్టిక్కర్ల కొట్టు బోర్డు మీద ‘రేడియం వర్క్స్’ అని ఉంటుంది. మొన్న నా స్కూటర్ పక్క డోములకు కొత్త గీతలు వేయించుకుందామని వెళ్లి, నోరు ఊరుకోక అడిగాను: “ఇందులో రేడియం ఎక్కడుంది తమ్ముడూ?”

అతను స్టిక్కర్ షీటు చుట్ట విప్పుతూ, “ఇదంతా రేడియమే కదా సార్. మీకు మ్యాటా, గ్లాసీనా?” అన్నాడు.

అసలు రేడియాన్ని 1898లో మేరీ, పియర్ క్యూరీలు కనుక్కున్నారు. దాన్ని కలిపిన రంగును గడియారాల అంకెలకు పూస్తే చీకట్లో దానంతటదే వెలిగేది. అమెరికా ఫ్యాక్టరీల్లో ఆ రంగు పూసే అమ్మాయిలు కుంచె మొనను పెదాలతో సన్నం చేసుకునేవారు. 1920లలో వాళ్లలో పలువురు దవడ ఎముకలు కుళ్లి, రక్తహీనతతో చనిపోయారు. తర్వాత రేడియం గడియారాల్లోంచి పోయింది. మాట మాత్రం మన దగ్గర ఉండిపోయింది. చీకట్లో మెరిసేదల్లా రేడియం, లైటు పడితే మెరిసే నంబరు ప్లేటు షీటూ రేడియమే. చివరికి అదే కొట్లో, అదే కత్తితో కోసే మామూలు ఎర్ర షీటు కూడా రేడియం అయి కూర్చుంది. పేరు ఈ దారినే వచ్చిందని నా ఊహ.

నిజానికి ఆ మెరిసే షీటుకు సొంత వెలుగు లేదు. దానిలో ఇసుక రేణువుల కంటే సన్నని గాజు పూసలు పరిచి ఉంటాయి. వచ్చిన కాంతి పూసలో వంగి, వెనక పూతకు తగిలి, మళ్లీ వంగి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. అద్దం అలా చేయదు, ఏటవాలుగా పడ్డ కాంతిని ఇంకో వైపుకు విసిరేస్తుంది. రాత్రి టార్చిని కణతకు ఆనించి లారీ వెనక పట్టీని చూడండి, భగ్గుమంటుంది. చెయ్యి చాచి టార్చిని దూరంగా పట్టుకుంటే అదే పట్టీ మసకబారుతుంది.

మెరవని మామూలు స్టిక్కర్‌ది వేరే వంశం. దాని మొదలు ఒక కారు షెడ్డులో ఉంది. 1920లలో అమెరికాలో రెండు రంగుల కార్ల మోజు. మొదటి రంగు మీద కాగితం అంటించి రెండోది కొట్టాక, కాగితం లాగితే కింది రంగు కూడా ఊడి వచ్చేది. గరుకు కాగితం నమూనాలు ఇవ్వడానికి సెయింట్ పాల్‌లోని ఒక షెడ్డుకు వెళ్లిన త్రీఎం కంపెనీ కుర్రాడు రిచర్డ్ డ్రూ, పెయింటర్ల తిట్లు విన్నాడు. 1925కల్లా మాస్కింగ్ టేపు తయారు చేశాడు. అంటుకోవాలి, అడిగినప్పుడు వదలాలి. బండి స్టిక్కర్‌కు కావలసిన గుణం ఇదే.

ఇక స్టిక్కర్ ఒళ్లు. 1926లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో, బీఎఫ్ గుడ్రిచ్ కంపెనీలో వాల్డో సీమన్ అనే రసాయనవేత్త రబ్బరును లోహానికి అంటించే జిగురు కోసం వెతుకుతున్నాడు. ఎవరికీ పనికిరాదనుకున్న గట్టి ప్లాస్టిక్ పీవీసీని ఎక్కువ వేడి తట్టుకునే ద్రావకాల్లో మరిగించాడు. జిగురు రాలేదు, రబ్బరులా సాగే పదార్థం వచ్చింది. మెత్తటి వినైల్ అదే. లోహానికి అంటేదాని కోసం వెతికినవాడికి దొరికింది అంటని రేకు. తర్వాత దాని వెనక ఇంకొకరి జిగురు పూస్తే, అదే ఇప్పుడు ఊళ్లో లోహాలన్నిటికీ అంటుకుని తిరుగుతోంది!

వెనక కాగితం ఒలిచి అంటించే లేబుల్‌ను 1935లో లాస్ ఏంజెలెస్‌లో స్టాంటన్ ఏవరీ వ్యాపారంగా మార్చాడు. పెళ్లి చేసుకోబోయే అమ్మాయి దగ్గర 100 డాలర్లు అప్పు తీసుకుని, వాషింగ్ మెషిన్ మోటారు, కుట్టు మిషన్ ముక్కలతో మొదటి యంత్రం కట్టాడు.

అయినా బండ్ల మీది అక్షరాలు చాన్నాళ్లు కుంచె చేతిలోనే ఉన్నాయి. ఆ పని లాక్కున్నది 1980లలో వచ్చిన కంప్యూటర్ కటింగ్ మిషన్. దానికి దారి వేసినవాళ్లలో ముఖ్యుడు జోసెఫ్ గెర్బర్, వియన్నాలో పుట్టి నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరిన యూదు కుర్రాడు. చదువుకునే రోజుల్లో లెక్కల కొలబద్ద చేయడానికి తన పైజామా ఎలాస్టిక్‌నే పీకిన ఘనుడు. మన లారీల వెనక చెయ్యి తిరిగిన పెయింటర్ గీసే నెమళ్లు, తామరపూలు తగ్గి, ఒకే అచ్చు ‘డాడీస్ గిఫ్ట్’ వేల బండ్ల మీద కనిపించడానికి ఈ మిషనే కారణం. నాకైతే పాత ‘హారన్ ప్లీజ్’లోని వంకరే ఇష్టం. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్లు తప్పనిసరి కావడంతో ఇలాంటి కొట్లకు నంబరు ప్లేట్ల బేరమూ తగ్గింది.

ఇప్పుడు నా పాత గీతల సంగతి. నాలుగేళ్ల కిందట వేరే కొట్లో చవగ్గా వేయించాను. రెండు వేసవులు తిరిగేసరికి స్టిక్కర్ చుట్టూ వెంట్రుకంత నల్లటి అంచు తేలింది. స్టిక్కర్ కుంచించుకుపోయి, బయటపడ్డ జిగురుకు దుమ్ము పట్టిందన్నమాట. చవక వినైల్‌ను వేడి రోలర్ల మధ్య చపాతీలా నొక్కి సాగదీస్తారు. ఆ సాగదీత లోపల గుర్తుండిపోతుంది, ఎండ తగిలితే వెనక్కి లాక్కుంటుంది. ఖరీదైన రకాన్ని ‘కాస్ట్’ అంటారు. దాన్ని ద్రవంగా పోసి, పెసరట్టులా పలచగా పరిచి ఆరబెడతారు. లాగుడు లేదు కాబట్టి ముడుచుకోదు. సుమారు 50 మైక్రాన్ల మందమే ఉండటంతో వంపుల్లోనూ ఒదుగుతుంది. చదునైన డబ్బా మీదికైతే చవకది చాలు. వంపులున్న పెట్రోలు ట్యాంకుకు కాస్టే అడగండి.

ఈసారి కుర్రాడు పని చేస్తుంటే పక్కనే కూర్చున్నాను. మిషన్ కోసిన షీటులో అక్కర్లేని ముక్కలను సూదిమొనతో పీకేశాడు. డోమును షాంపూ నీళ్లతో కడిగి, తుడిచి, స్పిరిట్‌తో మళ్లీ తుడిచాడు. నిన్ననే కడిగానన్నాను. “చెయ్యి తగిలినా నూనే సార్” అన్నాడు. తర్వాత సబ్బు నీళ్లు చిలకరించి స్టిక్కర్ పెట్టాడు. నీటిపొర ఉన్నంతసేపు జిగురు రంగును తాకదు, అటూ ఇటూ జరుపుకోవచ్చు. సరిగ్గా కుదిరాక ప్లాస్టిక్ రేకుతో మధ్య నుంచి అంచులకు నొక్కుతూ నీళ్లు, గాలి బయటికి నెట్టాడు.

ఈ జిగురు ఫెవికాల్‌లా గట్టిపడదు. తేనెలా మెల్లగా పారి రంగులోని కంటికి కనపడని గుంతల్లోకి దిగుతుంది, గుంజితే రబ్బరులా బిగుస్తుంది. అణువులు అంత దగ్గరికి చేరితే వాటి మధ్య బలహీనమైన ఆకర్షణలే కోట్ల లెక్కన కలిసి పట్టుకుంటాయి. పారడానికి టైం కావాలి కాబట్టే, అంటించిన గంట కంటే మర్నాడు పట్టు ఎక్కువ. రంగు వేయని నల్ల ప్లాస్టిక్ మీద మాత్రం, తామరాకు మీద నీటిబొట్టులా, జిగురు పరుచుకోవడానికి మొరాయిస్తుంది. బంపర్ అంచుల్లో స్టిక్కర్లు ముందుగా లేచేది అందుకే.

చివరి వంపు దగ్గర హీట్ గన్ పట్టాడు. మెత్తబడ్డ స్టిక్కర్‌ను బొటనవేలితో ఒత్తి, చల్లారేదాకా వేలు తీయలేదు.

“రేపటిదాకా నీళ్లు తగలనివ్వకండి సార్.”

డబ్బులిచ్చి బయటికి వచ్చి చూస్తే పడమట మబ్బు కమ్ముకుంటోంది. స్కూటర్‌ను మళ్లీ అతని రేకుల కిందికే తోశాను.