ఇంటి నేలకు వెదురు పలకలు: ఎక్కడ నిలుస్తాయి, ఎక్కడ నిలవవు?

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటికి చేరువలో భోపాల్‌పట్నం ఉంది. ఒకప్పటి బస్తర్ సంస్థానంలో భాగమైన ఈ ప్రాంతంలో గోండీ, దోర్లీ మాటలతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. ఇక్కడి పల్లె ఇంట్లో వెదురు కనిపించని మూల అరుదు. గోడకు తడిక, కప్పుకు వాసం, పెరటికి దడి, ధాన్యానికి గుమ్మి, వంటింట్లో చేట, బుట్ట అన్నీ దానితోనే చేస్తారు. నేలను మాత్రం మట్టితో మెత్తి పేడతో అలుకుతారు.

వెదురుతో తరతరాలుగా బతికినవారు దానిని నేలపై పరవకపోవడం గమనించదగిన విషయం. నేల తేమ తగిలిన పచ్చి వెదురుకు చెద పడుతుంది, బూజు పడుతుంది. ఈశాన్య రాష్ట్రాల్లో వెదురు నేల ఉన్న ఇళ్లు తరచూ స్తంభాల మీద, భూమికి ఎత్తుగా నిలబడి ఉంటాయి. కింద గాలి ఆడుతుంది కనుకనే అక్కడ అది చెల్లింది.

నేడు నగరాల దుకాణాల్లో ‘బాంబూ ఫ్లోరింగ్’ పేరుతో అమ్ముతున్నది ఆ పచ్చి వెదురు కాదు. బొంగును నిలువుగా చీల్చి, పైనున్న ఆకుపచ్చని పొరను, లోపలి మైనపు పొరను చిత్రిక పట్టి తీసేస్తారు. ఆ బద్దలను మందు కలిపిన నీటిలో ఉడికించి, ఆరబెట్టి, జిగురుతో అతికించి, వేడి యంత్రాల కింద నొక్కి పలకలుగా మారుస్తారు. 2023 మేలో ప్రారంభమైన కొత్త పార్లమెంటు భవనంలో త్రిపుర నుంచి తెచ్చిన వెదురు ఫ్లోరింగ్ పరిచాక ఈ సరుకు పేరు సామాన్యులకూ తెలిసింది.

దీని పక్షాన చెప్పవలసినవి చాలానే ఉన్నాయి. వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి. మూడు నుంచి ఐదేళ్లలో బొంగు ముదురుతుంది. నరికినా దుంప నుంచి మళ్లీ పిలకలు వస్తాయి. మంచి టేకు దూలం కోసం దశాబ్దాలు ఎదురుచూడాలి. పాదానికి గ్రానైటు కన్నా, నాపరాయి కన్నా వెచ్చగా, మెత్తగా తగులుతుంది. చెప్పులు విప్పి ఇంట్లో తిరిగే మనవారికి, ముఖ్యంగా మోకాళ్ల నొప్పులున్న వృద్ధులకు, ఇది చిన్న సుఖం కాదు.

గట్టిదనం విషయంలో మాత్రం అన్ని పలకలనూ ఒకే గాటన కట్టరాదు. బద్దలను అడ్డంగానో నిలువుగానో అతికించినవి ఒక రకం. వెదురును నార నారగా నలిపి, జిగురులో ముంచి, తీవ్రమైన ఒత్తిడితో దిమ్మగా మార్చి కోసేవి మరో రకం. వీటిని ‘స్ట్రాండ్ వోవెన్’ అంటారు. ఇవి టేకును మించి గట్టిగా ఉంటాయి. ముదురు గోధుమ రంగు పలకలను చూసి మోజుపడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సాధారణంగా ఆ రంగు పూత వల్ల రాదు. ఆవిరిలో ఉడికించినప్పుడు వెదురులోని చక్కెర మాడి ఆ వన్నె వస్తుంది. అదే ప్రక్రియలో వెదురు కొంత మెత్తబడుతుంది కూడా. మంచం కోళ్లు, కుర్చీ కాళ్లు ఈడ్చే గదిలో అతుకు రకం నల్ల పలక కన్నా లేత రంగుదే మేలు.

నీరు, పురుగు, జిగురు

అసలు చిక్కు నీటితో వస్తుంది. తెలుగు ఇళ్లలో నేలను తుడవడమే కాదు, పండుగకూ శుభకార్యానికీ బకెట్లతో కడుగుతారు. వెదురు పలకకు ఆ అలవాటు సరిపడదు. నీరు సందుల్లోకి దిగితే పలక ఉబ్బి, అంచులు లేస్తాయి. గోదావరి తీరంలో మండువేసవికీ ముసురు పట్టిన వానాకాలానికీ గాలిలోని తేమ ఎంతో మారుతుంది. ఎండకు పలకలు కుంచించుకుంటాయి, వానకు వ్యాకోచిస్తాయి. అందుకే గోడ వెంట దాదాపు ఒక సెంటీమీటరు ఖాళీ వదిలి, దానిని పట్టీతో కప్పుతారు. పరిచే ముందు పలకలను కనీసం మూడు రోజులు ఆ గదిలోనే ఉంచాలి. వంటగది, స్నానాల గది, వాన జల్లు కొట్టే వరండా, నేల చెమ్మగిల్లే పాత ఇల్లు వీటికి తగవు. పడకగది, చదువుకునే గది, పై అంతస్తు తగిన చోట్లు.

రెండో శత్రువు పుచ్చు పురుగు. వెదురులోని పిండి పదార్థమే దానికి ఆహారం. కోసిన వెదురును చెరువులో నానబెట్టే పాత పద్ధతి వెనుక ఉన్న తర్కం ఇదే: నీటిలో పిండి కరిగి బయటకు పోతుంది. కర్మాగారాల్లో బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణాన్ని వాడతారు. ఈ శుద్ధి సరిగా జరగని చవక పలకల మీద కొన్నాళ్లకే సన్నని పొడి రాలడం మొదలవుతుంది.

మూడోది కంటికి కనిపించని జిగురు. చవక రకాల్లో వాడే యూరియా ఫార్మాల్డిహైడ్ నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు చాలాకాలం కొద్దికొద్దిగా వెలువడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీనిని మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థంగా వర్గీకరించింది. ‘ఈ1’ లేదా అంతకన్నా తక్కువ ఉద్గారాన్ని సూచించే ‘ఈ0’ ధ్రువీకరణ చూపలేని సరుకును, తలుపులు మూసి ఏసీ వేసుకునే పడకగదిలో పరచకపోవడమే క్షేమం. ‘ప్రకృతి సిద్ధం’ అన్న ప్రకటన ఈ పత్రానికి బదులు కాదు.

అడవిలోని వెదురు సంగతి

బస్తర్ అడవుల్లో విస్తారంగా పెరిగేది సాధనపు వెదురు. లాఠీలకు వాడే గట్టి కర్ర ఇదే. గోడ మందం, బోలు తక్కువ, చుట్టుకొలతా తక్కువ. ఫ్లోరింగ్‌కు చైనాలో ప్రధానంగా వాడే ‘మోసో’ రకం లావుగా, బోలుగా ఉంటుంది కనుక వెడల్పైన బద్దలు వస్తాయి. సాధనపు వెదురు నుంచి అలాంటివి రావడం కష్టం. నార నలిపి చేసే పలకలకు మాత్రం బొంగు వెడల్పుతో అంత పని లేదు. అయితే దానికి భారీ యంత్రాలు, నిలకడైన విద్యుత్తు, పెట్టుబడి కావాలి.

హక్కుల విషయంలో దారి కొంత తెరుచుకుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. ఇంద్రావతికి ఆవలి మహారాష్ట్రలో, గడ్చిరోలి జిల్లా మేంఢా లేఖా గ్రామసభకు 2011 ఏప్రిల్‌లో వెదురు రవాణా అనుమతులు స్వయంగా ఇచ్చుకునే అధికారం దక్కింది. అడవి వెలుపలి భూముల్లో పెరిగే వెదురును 2017లో చట్టంలోని ‘చెట్టు’ నిర్వచనం నుంచి తొలగించారు. దాంతో రైతు తన పొలం గట్టు వెదురును నరికి అమ్ముకోవడం సులువైంది.

ఆ వెదురు కర్రగానే ఊరు దాటితే, కొనుగోలుదారు పలకకు చెల్లించే ధరలో అధిక భాగం ఎండబెట్టి, అతికించి, నొక్కే చోటనే నిలిచిపోతుంది.