స్కూలు ఫారంలో ‘తెలుగు’ అని రాస్తే ఏమవుతుంది?

అమెరికాలో పిల్లల్ని ప్రభుత్వ బడిలో చేర్పించేటప్పుడు ఇచ్చే కాగితాల కట్టలో ‘హోమ్ లాంగ్వేజ్ సర్వే’ అని ఒకటి ఉంటుంది. బిడ్డకి మొదట వచ్చిన మాటలు ఏ భాషవి, ఇంట్లో పెద్దవాళ్ళు ఏ భాషలో మాట్లాడతారు, ఇలాంటివే మూడు నాలుగు ప్రశ్నలు. కాగితం చిన్నదే గాని, మన ఇళ్ళలో దాని మీద చర్చ పెద్దది. “తెలుగు అని రాశారంటే పిల్లని వేరే కూర్చోబెడతారు, ఇంగ్లీషు అని రాసెయ్యండి” అని మనకంటే ముందు వచ్చినవాళ్ళు సలహా ఇస్తారు. ఆ సలహా వినే ముందు ఆ కాగితం ఎందుకు పుట్టిందో తెలుసుకోవడం మంచిది.

1970ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో ఇంగ్లీషు రాని చైనా కుటుంబాల పిల్లలు 2,800 మందికి పైగా ఉండేవారు. వారిలో దాదాపు 1,800 మందికి ఇంగ్లీషు నేర్పే ఏర్పాటు ఏదీ లేదు. అందరితోపాటు కూర్చుని, అర్థం కాని పాఠం విని, ఇంటికి వెళ్ళేవారు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. “అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు. ఇంతకంటే సమానత్వం ఏముంది?” అన్నది స్కూలు అధికారుల వాదన. 1974 జనవరి 21న సుప్రీంకోర్టు ‘లావ్ వర్సెస్ నికల్స్’ కేసులో ఏకగ్రీవంగా ఆ వాదనను తోసిపుచ్చింది. పాఠం అర్థం కాని పిల్లకి అదే పుస్తకం ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదంది. ఆధారం 1964 నాటి పౌరహక్కుల చట్టం. అదే ఏడాది కాంగ్రెస్ మరో చట్టం చేసి, భాష అడ్డుగా ఉన్న పిల్లలకి సాయం చెయ్యడం బడుల విధి అని ఖాయం చేసింది. సాయం చెయ్యాలంటే ముందు ఎవరికి కావాలో తెలియాలి. ఆ తెలుసుకోవడం కోసమే ఈ ఫారం.

అయితే కోర్టు సాయం చెయ్యమంది గాని, ఎలా చెయ్యాలో చెప్పలేదు. అసలు తగాదా అక్కడ మొదలైంది. ముందు సొంత భాషలో చదువు చెబుతూ మెల్లగా ఇంగ్లీషులోకి తేవాలని కొందరు, మొదటి రోజు నుంచీ ఇంగ్లీషులోనే ముంచెయ్యాలని కొందరు. కాలిఫోర్నియాలో దీనికి వలసల కోపం కూడా తోడయింది. కాగితాలు లేని కుటుంబాల పిల్లల్ని ప్రభుత్వ బడికి రానివ్వకూడదంటూ 1994లో 187వ ప్రతిపాదన పెడితే ఓటర్లు గెలిపించారు. అలాంటి పిల్లలకీ బడి తలుపు మూయకూడదని సుప్రీంకోర్టు 1982లోనే ‘ప్లైలర్ వర్సెస్ డో’ కేసులో తీర్పు చెప్పి ఉంది. ఆ ప్రతిపాదనను కోర్టులు అమలు కానివ్వలేదు.

ఇంగ్లీషు కావాలన్నవాళ్ళంతా వలసదారులంటే గిట్టనివాళ్ళే అనుకుంటే పొరపాటు. 1996లో లాస్ ఏంజెలెస్‌లోని నైన్త్ స్ట్రీట్ ఎలిమెంటరీ స్కూలు ముందు పిల్లల్ని బడి మాన్పించి నిరసన తెలిపినవాళ్ళు లాటినో వలస కుటుంబాలవాళ్ళు. బట్టలు కుట్టే కార్ఖానాల్లో పనిచేసే తల్లులు కూడా వారిలో ఉన్నారు. “మా పిల్లలకి స్పానిష్ మేం నేర్పుకుంటాం, మీరు ఇంగ్లీషు నేర్పండి” అన్నది వాళ్ళ మాట. ఆ తల్లుల మనసు మనకి అర్థం కానిది కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం జీవో వచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు, మన ఊళ్ళలోనూ ఇదే వాదన నడిచింది.

ఆ నిరసనను చూసిన సాఫ్ట్‌వేర్ వ్యాపారి రాన్ ఉంజ్ 227వ ప్రతిపాదన తెచ్చారు. ఇంగ్లీషు రాని పిల్లలకి మామూలుగా ఒక్క ఏడాది ప్రత్యేక శిక్షణ, ఆ తర్వాత అందరితోపాటు ఇంగ్లీషు క్లాసు. 1998 జూన్‌లో 61 శాతం ఓట్లతో అది గెలిచింది. బొలీవియా నుంచి వచ్చి, ఈస్ట్ లాస్ ఏంజెలెస్ పిల్లలకి కాలిక్యులస్ నేర్పి పేరు తెచ్చుకున్న టీచర్ హైమే ఎస్కలాంటే దాన్ని సమర్థించారు. రాష్ట్ర టీచర్ల సంఘం వ్యతిరేకించింది. వాళ్ళ భయానికి కారణం ఉంది. కావాలని పదే పదే ఈ చట్టాన్ని పాటించని టీచరు మీద తల్లిదండ్రులు నేరుగా దావా వెయ్యవచ్చని అందులో ఉంది.

ఫలితం ఏమిటి? రాష్ట్రం చేయించిన అయిదేళ్ళ అధ్యయనం 2006లో ముగిసింది. ఏ ఒక్క పద్ధతీ రెండోదానికంటే మేలని తేలలేదు. బడి ఎంత శ్రద్ధగా నడుస్తోంది, టీచర్లకి ఎంత శిక్షణ ఉంది అన్నవే ఎక్కువ తేడా తెచ్చాయి. మరో సంగతి. కెంజి హకుటా బృందం 2000లో చేసిన పరిశోధన ప్రకారం పిల్లలకి మాటలు పట్టుబడటానికి 3 నుంచి 5 ఏళ్ళు, చదువుకి సరిపడే ఇంగ్లీషు రావడానికి 4 నుంచి 7 ఏళ్ళు పడుతుంది. చట్టం ఇచ్చింది ఒక్క ఏడాది.

2016లో కాలిఫోర్నియా ఓటర్లే 58వ ప్రతిపాదనతో పాత నిబంధనలు చాలావరకు ఎత్తేశారు. ఈసారి 73 శాతం పైగా అవునన్నారు. కానీ పద్దెనిమిదేళ్ళలో రెండు భాషల్లో పాఠం చెప్పగల టీచర్ల తయారీ కుంటుపడిపోయింది. క్లాసులు పెట్టుకోండని చట్టం ఒప్పుకున్నాక, చెప్పేవాళ్ళు దొరకడం కష్టమైంది.

ఇక మన ఫారం సంగతి. తెలుగు అని రాసినంత మాత్రాన పిల్లని వేరే క్లాసుకి పంపరు. ముందు ఇంగ్లీషు పరీక్ష ఒకటి పెడతారు. అందులో నెగ్గితే మామూలు క్లాసే. నెగ్గకపోతే సాయం అందాలి. ఇంగ్లీషు అని రాస్తే ఆ పరీక్షా ఉండదు, సాయమూ రాదు. అయిదో తరగతిలో గుంటూరు నుంచో వరంగల్ నుంచో వచ్చిన పిల్లాడు ఆరు నెలల్లో ఆటస్థలంలో గలగలా మాట్లాడొచ్చు. సైన్సు పుస్తకంలో పేరా చదివి జవాబు రాయమంటే అక్కడ ఆగిపోతాడు. ‘మందకొడి’ అన్న ముద్ర పడేది అప్పుడే.

మనవాళ్ళ భయం పూర్తిగా నిరాధారమూ కాదు. ఏళ్ళ తరబడి ‘ఇంగ్లీషు లర్నర్’ జాబితాలోనే ఉండిపోయే పిల్లలున్నారు. మిడిల్ స్కూల్లో అదనపు ఇంగ్లీషు పీరియడ్ వల్ల సంగీతమో, బొమ్మలో వదులుకోవాల్సి రావచ్చు. దానికి మందు బడిని అడగడమే. ఫెడరల్ నిధులతో నడిచే కార్యక్రమంలో పిల్లని చేరిస్తే, బడి తెరిచిన 30 రోజుల్లోపు కారణాలతో తల్లిదండ్రులకి తెలియజెయ్యాలి. ఆ ఉత్తరం వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. సాయం రోజుకి ఎంతసేపు, ఏ క్లాసు సమయంలో? చెప్పేవారికి ఇంగ్లీషు రాని పిల్లలకి బోధించే శిక్షణ ఉందా? జాబితా నుంచి బయటికి రావాలంటే ఎంత స్కోరు కావాలి? ఏటా జరిగే పరీక్ష కాలిఫోర్నియాలో ఎల్పాక్, టెక్సాస్‌లో టెల్పాస్, చాలా రాష్ట్రాల్లో విడా యాక్సెస్. ఆ ఫలితాల కాగితం దాచుకోండి. కార్యక్రమం వద్దనే హక్కు కూడా మీకుంది. అయితే వద్దన్నా, ఆ స్థాయి చేరేదాకా ఏటా పరీక్ష తప్పదు.

2025 మార్చిలో అధ్యక్షుడు ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటించాక, ఇవన్నీ పోయాయేమోనని కొందరు కంగారుపడ్డారు. అది ఉత్తర్వు. 1964, 1974ల నాటివి కాంగ్రెస్ చేసిన చట్టాలు. ఉత్తర్వుతో అవి రద్దు కావు.

ఇంకొక మాట. హైస్కూలు పూర్తయ్యేటప్పుడు రెండు భాషలు బాగా వచ్చిన పిల్లలకి ‘సీల్ ఆఫ్ బైలిటరసీ’ ఇచ్చే చట్టాన్ని కాలిఫోర్నియా 2011లో మొదట చేసింది. తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. మీ డిస్ట్రిక్ట్‌లో తెలుగుకి అది ఇస్తారా, ఏ పరీక్షతో ఇస్తారు అన్నది కౌన్సిలర్‌ని తొమ్మిదో తరగతిలోనే అడగండి. కిండర్‌గార్టెన్ ఫారంలో దాచిన తెలుగే, పన్నెండో తరగతి సర్టిఫికెట్ మీద కావాలనిపించే రోజు వస్తుంది.