అవ్వ పటం ఎక్కడికి పోయింది?

పిల్లలూ! మా మాధవరంలో ఏడవ తరగతి చదివే కుర్రవాడొకడు కిందటి ఏడు పత్తి తీసే రోజుల్లో, ఒక సాయంకాలం ఏడుస్తూ మా ఇంటికి వచ్చాడు. వాడి చేతిలో వాళ్ల నాయన ఫోను ఉన్నది.

"సార్, మా అవ్వ పటం పోయింది!" అన్నాడు.

జరిగిన సంగతి ఇది. ఆనాడు వాళ్ల నాయన ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తీసుకుపోయాడు. తూకం చీటీకి ఫొటో తీయబోతే, చోటు లేదన్నది ఫోను. ఆయన ఇంటికి వచ్చి, "దీన్ని కాస్త ఖాళీ చెయ్యిరా," అని కొడుక్కి ఇచ్చాడు. వాడు బాగా పాత ఫొటోలతో మొదలుపెట్టి, గబగబా ఒక వంద తుడిచేశాడు. వాటితోపాటే చనిపోయిన అవ్వ ఫొటో కూడా పోయింది. ఆమె ఫొటో మరొకటి లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచెత్తినప్పుడు వాళ్ల కాపురం అక్కడే. ఇంట్లోని పటాలన్నీ ఆ నీళ్లలో నాని పాడైపోయాయి.

చిత్రమేమిటంటే, వంద ఫొటోలు తుడిచినా ఫోను మళ్లీ చోటు లేదనే అన్నది!

"ఏడవకు. మొదట నీ ఫోనులో చోటంతా ఏది తింటున్నదో చూద్దాం," అని వాణ్ణి కూర్చోబెట్టుకున్నాను.

ధాన్యాన్ని బస్తాలతో కొలిచినట్టు, ఫోనులో చోటును బైట్లతో కొలుస్తారు. పది లక్షల బైట్లు ఒక మెగాబైటు. వెయ్యి మెగాబైట్లు ఒక గిగాబైటు. "అమ్మ" అనే మాట రాస్తే ఫోను దాన్ని నాలుగు గుర్తులుగా దాచుకుంటుంది: అ, మ, ఒత్తును తెలిపే గుర్తు, మళ్లీ మ. గుర్తుకు 3 బైట్ల చొప్పున 12 బైట్లు. అంటే మాటలకు పట్టే చోటు బహు కొంచెం.

ఫొటో సంగతి వేరు. ఎమ్మిగనూరులో మగ్గం చూశారు కదా? పడుగు, పేక కలిసి గుడ్డ అయినట్టు, వరుసలు వరుసలుగా చుక్కలు కలిసి ఫొటో అవుతుంది. అడ్డంగా 4,000 చుక్కలు, నిలువుగా 3,000 చుక్కలు ఉంటే మొత్తం 1 కోటి 20 లక్షల చుక్కలు! ఒక్కొక్క చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నవో రాసుకోవడానికి 3 బైట్లు కావాలి. లెక్క వేయండి: 36 మెగాబైట్లు.

ఫోను ఇంత చోటు ఇవ్వదు. ఆదోని మిల్లుల్లో దూదిని అదిమి బేళ్లు కట్టినట్టు, ఇది ఫొటోను బిగించి కడుతుంది. మన కంటికి ఆనని సన్నని తేడాలను వదిలేస్తుంది. అప్పుడు ఫొటో 3, 4 మెగాబైట్లకు దిగుతుంది. ఇలా బిగించే పద్ధతుల్లో జేపెగ్ అనేది 1992లో ప్రమాణంగా ఏర్పడింది.

వీడియోలో సెకనుకు 30 బొమ్మలు పరుగెత్తుతాయి. ఎంత బిగించినా, నిమిషం వీడియోకు సుమారు 100 మెగాబైట్లు పట్టవచ్చు. ఇక యాప్‌లు! ఒక్కొక్క యాప్ తనకు చోటు తీసుకోవడమే కాక, వాడుతున్నకొద్దీ సామాను తెచ్చి పోగుచేస్తుంది. వాట్సాప్‌లో తెల్లవారేసరికి వచ్చిపడే శుభోదయం బొమ్మలు కూడా, మనం వద్దని చెప్పకపోతే, ఫోనులో చేరి కూర్చుంటాయి.

1956లో ఐబీఎం కంపెనీ తెచ్చిన మొదటి డిస్కు యంత్రంలో 50 పెద్ద పళ్లేలు ఉండేవి. అది బీరువాకన్న పెద్దది. అందులో పట్టినవి 50 లక్షల అక్షరాలు. నేటి ఫొటో ఒకటి పెడితే ఇంచుమించు నిండిపోతుంది! చోటు ఇంత పెరిగినా మనకు చాలకపోవడం వింతే.

మేము ఫోను సెట్టింగులలో "స్టోరేజి" తెరిచాం. ఏది ఎంత తిన్నదో అక్కడ వరుసగా కనిపించింది. కుర్రవాడు ఆడే క్రికెట్ ఆట ఒక్కటే ఒకటిన్నర గిగాబైట్లు! అంటే నాలుగు వందల ఫొటోల చోటు. వాడు సిగ్గుపడి తల వంచుకున్నాడు.

"మరి వంద ఫొటోలు తీసేసినా చోటు ఎందుకు రాలేదు, సార్?" అని అడిగాడు.

అసలు కిటుకు అక్కడే ఉన్నది. చాలా ఫోనులు తుడిచిన ఫొటోను వెంటనే పారవేయవు. "బిన్" అనే చెత్తబుట్టలో 30 రోజులు ఉంచుతాయి. బుట్ట ఫోనులోనిదే కనుక చోటు ఖాళీ కాదు. మేము ఆ బుట్ట తెరిచి చూశాం. నెత్తిన కొంగు కప్పుకుని, చాటలో కందులు చెరుగుతూ అవ్వ కనిపించింది!

వాడి మొహం చూడవలసిందే. ఆ ఆటను వాడు తన చేతితోనే తీసేశాడు. మర్నాడు వాళ్ల నాయన ఎమ్మిగనూరు పోయి, ఆ ఫొటోకు ఒక అచ్చు తీయించి గోడకు తగిలించాడు. ఇంకొక నకలు మెమరీ కార్డులో దాచాడు.

పిల్లలూ, రైతు ధాన్యమంతా ఒకచోటే పోయడు. తాలు చెరిగివేస్తాడు, విత్తనాలను వేరుగా దాస్తాడు. ఈ ఆదివారం మీ అమ్మనో నాయననో పక్కన కూర్చోబెట్టుకుని ఫోనులో స్టోరేజి తెరవండి. ఏది తాలో, ఏది విత్తనమో కలిసి చూడండి. విత్తనాన్ని రెండు చోట్ల దాచిన తరువాతనే చేట పట్టండి.